ముక్క బాగలేకపోతే దించేయడం కూడా ఆటే

మూకండపల్లిలో మా ఇంట్లో ఉగాది మర్నాడు, వర్షతొడకు నాడు, భోజనాలయ్యాక చాప పరిచి పేక తీయడం తాతల కాలం నుంచీ ఉంది. పక్కన సిప్కాట్ ఫ్యాక్టరీలు వచ్చాయి, మా పిల్లలు బెంగళూరు దాటి అమెరికా దాకా పోయారు, ఆ అలవాటు మాత్రం పోలేదు. మేం ఆడేది పదమూడు ముక్కల రమ్మీ. పందెం చింతగింజలు.

ఇప్పుడు పిల్లలు పోకర్ నేర్పమంటున్నారు. రెండాటల నియమాలు వేరు. అయితే కొత్తవాళ్లకు చెప్పే మొదటి మాట ఒకటే: వచ్చిన ప్రతి చెయ్యీ ఆడకూడదు. పోకర్‌లో దాన్ని ఫోల్డ్ అంటారు, మనం స్కూట్ అంటాం. మా అవ్వ అయితే, "ముక్క బాగలేదంటే దించేయప్పా, దాన్లో సిగ్గేముంది?" అనేది.

లెక్క చూడండి. 101 పూల్‌లో ముక్క తీయకముందే దించేస్తే 20 పాయింట్లు. మధ్యలో దించితే 40. మొండికేసి చివరిదాకా కూర్చుని ఓడితే 80 దాకా పడొచ్చు. అయిదుసార్లు స్కూట్ చేసినా నూరే, ఇంకా ఆటలో ఉంటాం. రెండు ఫుల్ కౌంట్లు పడితే బయటికే. జోకరు లేక, వరస కలిసే జత లేక, చేతినిండా రాజులూ రాణులూ ఉంటే ఆలోచించే పని లేదు.

ఆడదామనుకుంటే ముందు లైఫ్ కట్టాలి, అంటే జోకరు కలవని వరస. అది లేకుంటే చేతిలోని ముక్కలన్నీ లెక్కకొస్తాయి. తర్వాత ఏ ముక్కకు ఎన్ని దారులున్నాయో చూడాలి. రెండు కట్టల ఆటలో ఆఠీన్ 5, 7 పట్టుకుని 6 కోసం కాచుకుంటే ఉండేవి రెండే ముక్కలు. ఆఠీన్ 6, 7 అయితే 5 వచ్చినా 8 వచ్చినా సరే, నాలుగు. పక్కన ఇస్పేట్ 7 కూడా ఉంటే డైమన్, కళావర్ ఏళ్లు కూడా పనికొస్తాయి, మొత్తం ఎనిమిది. ఎదుటివాళ్లు ఏం ఎత్తుకున్నారు, ఏం పడేశారు అన్నది గుర్తుపెట్టుకుంటే ఈ లెక్క ఇంకా నిక్కచ్చిగా తేలుతుంది.

ఇదంతా నేర్పు కాబట్టే సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అంది. ఆ తీర్పు సగమే అందరికీ గుర్తుంది. ఆడించేవాడు ఆ ఆట మీద లాభం తీస్తే నేరం కావచ్చని కూడా అందులోనే ఉంది.

ఆ రెండో సగం ఎంత ముఖ్యమో ఫోన్లు వచ్చాక తెలిసింది. మా బంధువుల్లో ఒకబ్బాయి చాప మీద అందరినీ ఓడించేవాడు. ఫోన్‌లో మూడు నెలల జీతం పోగొట్టుకున్నాడు. స్కూట్ చేయడం వాడికి బాగా తెలుసు. కానీ ఫోన్‌లో దించిన ప్రతిసారీ డబ్బు కట్టాలి, క్షణాల్లో ఇంకో చెయ్యి వస్తుంది. చాప మీద 101 దాటితే లేచి మిగతావాళ్లకు మజ్జిగ ఇవ్వాల్సిందే. అక్కడ లెమ్మనేవాళ్లు ఎవరూ లేరు. నష్టం పోయినా, అప్పు సంగతి వాళ్లమ్మకు చెప్పడానికి వాడు పడిన అవస్థ మేం మరిచిపోలేదు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ డబ్బు రమ్మీని నిషేధించాయి. తమిళనాడు 2022లో చట్టం తెస్తే, రమ్మీ, పోకర్‌ల మటుకు దాన్ని 2023లో మద్రాసు హైకోర్టు పక్కన పెట్టింది. 2025లో నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ కేంద్రం చట్టం చేసింది. విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఆ చట్టాలు అడ్డు రావు. అందుకే పేక నేర్పేటప్పుడు వరసలూ జోకర్లతో పాటు ఎన్ని ఆటలాడి లేవాలో కూడా ముందే చెప్పి కూర్చోబెట్టండి. ముక్క దించడం తెలిసినవాడికి ఆట దించడం కూడా తెలియాలి.