పొయ్యి ముందు విజ్ఞానము

శక్తి పరిశోధన అనగానే మన విద్యార్థుల మనస్సులలో అణు రియాక్టర్లు, మహా జలాశయాలు మెదలుతాయి. నాకు మాత్రం బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో వెలసిన 'అస్త్ర' అనే చిన్న విభాగం స్ఫురిస్తుంది. దానికి మూలపురుషుడు అమూల్య రెడ్డి. విద్యుద్రసాయన శాస్త్రంలో పేరు గడించిన ఆచార్యుడు పల్లె పొయ్యి ముందు కూర్చుండుట సామాన్యమా!

మూడు రాళ్ల పొయ్యిలో కట్టె వెలువరించే ఉష్ణంలో పాత్రకు చేరేది నూటికి సుమారు 10 పాళ్లే. తక్కినది గాలికి, గోడకు. పొగ వండేవారి ఊపిరికి. మా అమ్మీ దగ్గు ఆ ఊదుగొట్టం మిగిల్చినదే. అస్త్రవారు పొయ్యిని మూసి, అడుగున ఇనుప జాలీ, వెనుక పొగగొట్టం అమర్చి, ఒకే మంటను మూడు పాత్రల క్రిందుగా నడిపించారు. సామర్థ్యం 30 పాళ్లు దాటింది.

కర్ణాటకలోని పురా గ్రామంలో 1987 నుండి పేడవాయువుతో ఇంజను నడిపి త్రాగునీరు, దీపాలు అందించారు. పేడ ఇచ్చిన ఇంటికి మడ్డి ఎరువుగా తిరిగి వచ్చేది.

మన విద్యార్థుల ఇళ్లలో కొన్నింట నేటికీ కట్టెల పొయ్యి ఆరలేదు. దాని సామర్థ్యం కొలవడానికి త్రాసు, థర్మామీటరు, నీళ్లగిన్నె చాలును. అవి మన ప్రయోగశాలలో ఉన్నవి. కమిటీ పెద్దలు పెరటిలో కాస్త చోటు ఇప్పిస్తే బి.ఎస్సీ. విద్యార్థులు ఈ ఏడే ఆరంభింపగలరు.