ఎనిమిది పలకల వాద్యము

మన రాయలసీమ పల్లెలలో పలక యన్న మాటకు రెండర్థములు కలవు. బడిపిల్లవాడు ఓనమాలు దిద్దునది యొక పలక. జాతరలో భుజమునకు తగిలించుకొని వాయించు తప్పెటయు పలకయే. ఇప్పుడు మూడవ పలక యొకటి వచ్చి చేరినది. రబ్బరు పరచిన యెనిమిది గడులు గల విద్యుద్వాద్యము పెండ్లిపందిళ్లలోనికిని, ప్రార్థనాలయములలోనికిని ప్రవేశించినది. జనులు దానిని ప్యాడ్ అందురు. ఏ వాద్యము ధ్వనినైనను తనలో దాచుకొని, పుల్లతో తట్టినంతనే మరల వినిపించుట దాని పని. అట్టిదాని నొకదానిని తక్కువ వెలకు సంపాదించి, విడపనకల్లులో మా యింటను, సభలలోను రెండేండ్లుగా వాడుచున్నాము. ఆ యనుభవమున మేము నేర్చినది కొంత కలదు. అది మా యెదుట నిలిపిన ప్రశ్నయు నొకటి కలదు. ఆ రెంటిని ఈ సంచికలో విద్యార్థులకును, తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును విన్నవించుచున్నాము.

ఈ వాద్యము జపానుదేశమున పుట్టినది. 1985వ సంవత్సరమున రోలాండు సంస్థ ఆక్టాపాడ్ అను పేర ప్యాడ్-8 ను వెలువరించెను. ఆక్టా యనగా నెనిమిది. ఆ మొదటిదానిలో ధ్వనులేవియు లేవు. గడిని తట్టిన సంజ్ఞను, 1983లో ఏర్పడిన మిడి యను పద్ధతిచే, వేరొక యంత్రమునకు పంపుట మాత్రమే దాని పని. తరువాతి వానిలో ధ్వనులు చేరినవి. పిమ్మట వాయించువాడే తనకు వలసిన ధ్వనులను నింపుకొనగల వాద్యములు వచ్చినవి. చలనచిత్రగీతములు పాడు మేళములతో బాటు ఇవి మన పల్లెలకు చేరెను. ఏ సంస్థ చేసినదైనను ఇచ్చటివారికి అది ఆక్టోపాడే.

పేరుపొందిన వాద్యముల వెల మావంటి వారికి అందునది కాదు. అందుచేత చిన్న రకపు ప్యాడ్ నొకదానిని, బళ్లారిలో నొకరు వాడి విడిచినదానిని, 14,000 రూపాయలకు కొంటిమి. ప్రతి గడి క్రిందను పీజో యను చిన్న బిళ్ల యుండును. దెబ్బ తగిలినప్పుడు ఆ బిళ్ల స్వల్పమైన విద్యుత్తును పుట్టించును. దెబ్బ బలమైనచో విద్యుత్తు హెచ్చు, మెల్లనైనచో తక్కువ. యంత్రము దానిని కొలిచి, ఆ గడికి కేటాయించిన ధ్వనిని అంత బిగ్గరగా వినిపించును. ధ్వనులు గోరంత మెమరీకార్డులో ఇమిడియుండును. ఇంతకు మించి ఇందులో మాయ యేమియు లేదు.

ఇంట నభ్యసించుటకు ఇంతకంటె అనువైన తాళవాద్యమును మేమెరుగము. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొన్నచో, పరీక్షల దినములలో ప్రక్కగదిలో చదువుకొను పిల్లలకు గీతము వినబడదు. అయితే రబ్బరుపై పుల్ల తగులు టకటక మాత్రము నేలగుండ ప్రాకి పొరుగింటికి పోవును. దానికి మా యూరి యుపాయము గొంగడి. కురుబవారు నేసిన ముతక గొంగడిని నాలుగు మడతలు వేసి వాద్యము క్రింద పరచితిమి. చప్పుడు సగమునకు తగ్గెను. మా నల్లరేగడి దుమ్మునుండి వాద్యమును కాపాడుటకు వాయించుట ముగియగానే గుడ్డ కప్పవలెను.

ధ్వనులను మనమే సేకరించుకొనుటలో ఆనందమును కలదు, శ్రమయు కలదు. ఒక్క సెకండు ధ్వనిని యంత్రము 44,100 తునకలుగా కొలుచును. ఒక్కొక్క తునకకు రెండు బైట్లు. కాబట్టి రెండు సెకండ్ల తప్పెట దెబ్బకు 1,76,400 బైట్లు పట్టును. ధ్వనిని పట్టిన పిదప, దెబ్బకు ముందున్న నిశ్శబ్దమును కత్తిరించుట ముఖ్యము. నిమిషమునకు 120 మాత్రలుగా సాగు పాటలో ఒక మాత్ర అర సెకండు. దానిలో నాలుగవ భాగము 125 మిల్లీసెకండ్లు. ధ్వనికి ముందు 40 మిల్లీసెకండ్ల మౌనము మిగిలినను, ఆ భాగములో మూడవ వంతు గడచిన పిదపగాని దెబ్బ వినబడదు. చేయి సరిగా పడినను చెవికి తాళము తప్పినట్లుండును. తన చేతినే నిందించుకొను ప్రారంభకుడు మొదట తన ధ్వనిఖండమును పరీక్షించుకొనుట మేలు.

సభలో వాయించుట వేరొక విద్య. స్పీకర్ల యదురు వేదికగుండ వచ్చి వాద్యమునకు తగిలినచో తట్టని గడియు మ్రోగును. ఒక గడిని తట్టినప్పుడు ప్రక్కగడి పలుకుటయు కలదు. గడుల సున్నితత్వమును కొంచెము తగ్గించి, వాద్యమును గట్టి స్టాండుపై నిలిపినచో ఈ పీడ తొలగును. పెద్ద స్పీకరు దూరముగా నున్నప్పుడు వేరొక చిక్కు. ధ్వని గాలిలో సెకండునకు సుమారు 340 మీటర్లు పోవును. అనగా 17 మీటర్ల దూరమునుండి వచ్చు ధ్వని 50 మిల్లీసెకండ్లు ఆలస్యముగా వినబడును. అందుచేత వాయించువాని ప్రక్కనే చిన్న స్పీకరొకటి యుండవలెను. ఇక కరెంటు పోయినచో మా ప్యాడ్ వట్టి రబ్బరుముక్క. తప్పెటకా యిబ్బంది లేదు. చలికి, తేమకు తోలు సడలినప్పుడు గడ్డిమంట కొంచెము చూపినచో చాలును.

తక్కువ వెల వాద్యమునకు లోపములును కలవు. అన్నిటికంటె పెద్దది, ప్రతి దెబ్బయు ఒక్క తీరుననే పలుకుట. తప్పెటగాని కుడిచేతి సిర్ర నడుమ పడినప్పుడొక ధ్వని, అంచున పడినప్పుడొక ధ్వని. ఎడమచేతి సన్నపుల్ల వానికి బదులు చెప్పుచుండును. మా వాద్యమున బలము మారునుగాని గుణము మారదు. నడిమి దెబ్బ, అంచు దెబ్బ, పుల్ల దెబ్బ, చేయి యానించి మూసిన దెబ్బ, వీనిని నాలుగు గడులకు పంచి కొంత సరిపెట్టితిమి. ఇక మన అనంతపురము జిల్లాకు పేరు తెచ్చిన ఉరుముల వాద్యము దీనికి లొంగనే లేదు. ఉరుమును కొట్టుటయే కాదు, పుల్లతో తోలును రాచి గర్జింపజేయుదురు. ప్యాడునకు తట్టుట తెలియునుగాని రాచుట తెలియదు.

ఇంతవరకు చెప్పినది వాద్యమును గూర్చి. ఇక ప్రశ్నను గూర్చి చెప్పెదము.

ఉరవకొండకును బళ్లారికిని నడుమనున్న మాది మెట్టప్రాంతము. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు జిల్లా ఇది. వాన తప్పిన యేట వేరుశనగ చేతికి రాదు. కూలివారు బెంగుళూరు దారి పట్టుదురు. వారితో బాటు తప్పెట వాయించు చేతులును పోవును. పండుగనాటికి ఊర వాయించువారు లేరు. అప్పుడు ప్యాడ్ కలవారిని పిలుతురు. మమ్మును పిలుచుచున్నదియు అందులకే. కరవు ఖాళీచేసిన చోటున మా యంత్రము కూర్చున్నదన్న మాట.

ధ్వనులకై మేము మా వీధిలోని తప్పెట పెద్దాయన కడకు పోతిమి. "తాతా, నీ దెబ్బలు కొన్ని ఈ పెట్టెలో పెట్టుకుంటాము" అని యడిగితిమి. ఆయన నవ్వి, "పెట్టుకోండి అబ్బీ. నా దెబ్బ పెట్టెలో ఉండంగా, రేపు నన్ను పిలిచేదెవరు?" అనెను. ఆ మాటకు బదులు చెప్పకుండ ధ్వనిని పట్టుకొనుట న్యాయము కాదని తోచి, ఆనాడు ఊరక మరలి వచ్చితిమి. వారము పిదప మరల పోయి నాలుగు నియమములు చేసికొంటిమి. ఆయన దెబ్బ మ్రోగిన ప్రతి సభలోను ఆయన పేరు చెప్పవలెను. డబ్బు వచ్చిన కార్యక్రమమున ఒక వాద్యగాని పాలు ఆయనకు చెల్లవలెను. ఊరిలో, ఆయన రాగల చోట, పెట్టె కాక ఆయనయే వాయించవలెను. ఆయన నడుగక ఆ ధ్వనులను ఇతరులకు ఇయ్యరాదు. పిమ్మట ఒక సాయంకాలము, గాలి నిలిచిన వేళ, ముప్పదియారు దెబ్బలను పట్టితిమి.

అడ్డు వేరొక దిక్కునుండి వచ్చెను. ప్రార్థనాలయమున కీర్తనకు తప్పెట ధ్వనిని జోడింపగా, వృద్ధుడైన పెద్ద యొకరు లేచి వెలుపలికి పోయిరి. తరువాత ఆయన మాతో నిట్లనిరి: "ఆ మోత వింటే మా నాయన గుర్తొస్తాడు. ఎవరి ఇంట చావైనా అర్ధరాత్రి పిలిచేవాళ్లు, కూలి లేదు, కాదనేదానికి లేదు. ఆ పలకను దించినాకే మేము తల ఎత్తినాము." ఈ మాట అబద్ధము కాదు. తరతరములుగా తప్పెట వాయించుట కొన్ని కులములపై మోపిన వెట్టి. క్రైస్తవమతము పుచ్చుకొన్న పలు కుటుంబములు దానిని విడిచినది సంగీతమునందలి ద్వేషముచే గాదు, ఆత్మగౌరవముచే. 1950వ సంవత్సరము జనవరి 26వ తేదీని అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును, 23వ అధికరణముచే వెట్టిని నిషేధించినది. శాసనము వెట్టిని తుడిచినను, చెవిలో మిగిలిన మ్రోతను తుడువజాలదు.

అయినను అవమానము వెట్టిలో నున్నదిగాని తోలులో లేదని మా నమ్మకము. 1994లో ప్రకాశము జిల్లా ఈదుమూడి గ్రామమున మొదలైన మాదిగ దండోరా ఉద్యమము, చాటింపు పేరునే తన పేరుగా ధరించి, ఆ వాద్యమును తలయెత్తి వాయించినది. 150వ కీర్తనలో తంతివాద్యములతోను తాళములతోను బాటు చర్మవాద్యమును పేర్కొనబడినది. హెబ్రీ భాషలో తోఫ్ అను ఆ వాద్యము, వలయమునకు తోలు బిగించినదే. మన తప్పెటకు దూరపు చుట్టము. ఎర్ర సముద్రమును దాటిన పిదప మిర్యాము చేతబట్టినదియు అదియే. వెట్టినుండి విడుదల పొందిన జనులు వాయించిన వాద్యము, వెట్టికి గురుతుగా మిగిలిపోవుట తగదు.

ఈ మాటలన్నియు ఆ పెద్దకు చెప్పితిమి. ఆయన మనస్సు మారలేదు. ఆయన బాధకు మా వాదము సమాధానము కాదు. కావున ఆరాధన వేళ ప్యాడునుండి డోలక్కు, కంజిర, గంట ధ్వనులను మాత్రమే వాడుచున్నాము. క్రిస్మసు రాత్రి ఆరాధన ముగిసిన పిదప, ఆవరణలో, తాత తన తప్పెటతో వాయించును. మేము ప్యాడుపై మంద్రపు దెబ్బనిచ్చి వెంట నడచుదుము. అప్పుడు ఉండదలచినవారు ఉందురు, పోదలచినవారు పోవుదురు. ఇప్పుడు ఇద్దరు బాలురు ఆయన కడ సిర్ర పట్టుట నేర్చుకొనుచున్నారు. వారు మొదట వచ్చినది ప్యాడును చూచుటకే. పెట్టెలోని దెబ్బ యెవరిదని యడిగి, ఆయన యింటికి దారి తెలిసికొనిరి.

విద్యార్థులారా! మీలో ననేకులకు ఈ వాద్యముపై మోజు కలదని యెరుగుదుము. కొనుడు, తక్కువ వెలదైనను చాలును. ఓపికతో నేర్చుకొనుడు. అయితే దానితో వచ్చిన ధ్వనులతో తృప్తి పొందక, మీ యూరి ధ్వనులను వెదకుడు. వెదకునప్పుడు ధ్వని వెనుక నొక చేయి యున్నదని మరువకుడు. ఆ చేతికి పేరు కలదు, ఆకలి కలదు, కథ కలదు. మొదట దాని యనుమతి నడుగుడు. తలిదండ్రులారా! మీ బిడ్డ గొంగడిపై టకటకలాడించుచున్నప్పుడు చదువు చెడునని తొందరపడి కోపింపకుడు. అక్షరము దిద్దిన పలకవలె ఈ పలకయు నేర్పవలసినది నేర్పగలదు.