ఏ సైడ్‌లోనూ పట్టని పాట

'ఛాప్ తిలక్' పాట నా ఫోన్‌లో పదకొండు రకాలుగా ఉంది. రాసింది అమీర్ ఖుస్రో అంటారు. ఆయన పోయింది 1325లో. అంటే ఏడు వందల ఏళ్లుగా ఎవరికి తోచినట్టు వాళ్లు పాడుకుంటున్నారన్నమాట. ఒక్క చూపుతో నా బొట్టూ గుర్తులూ అన్నీ లాగేసుకున్నావు కదా అని మొర. ఆ మొర గురువు నిజాముద్దీన్ ఔలియాకే అని చెబుతారు.

మన వయసువాళ్లు ఎక్కువగా వినేది 2014లో కోక్ స్టూడియో పాకిస్తాన్‌లో ఆబిదా పర్వీన్, రాహత్ ఫతే అలీ ఖాన్ కలిసి పాడింది. హెడ్‌ఫోన్స్‌లో అదిరిపోతుంది, కాదనను. కానీ ఆబిదా నోరు తెరవగానే పక్కన రాహత్ ఉన్న సంగతే మర్చిపోతాం. నుస్రత్ పాడినవి చాలా ఉన్నాయి, ఒకదానికొకటి పోలిక ఉండదు. మధ్యలో ఇంకెవరిదో షాయరీ రెండు లైన్లు తెచ్చి అతికిస్తాడు. దాన్ని గిరహ్ అంటారు, ముడి అని అర్థం. ఆ ముడి దాటి పల్లవికి తిరిగొచ్చేసరికి పాత మాటే కొత్తగా తగులుతుంది. 1978 హిందీ సినిమా 'మై తులసీ తేరే ఆంగన్ కీ'లో లత, ఆశ పాడింది మాత్రం పొందిగ్గా, సినిమా పాట కొలతలో ఉంటుంది. మా నాన్న దృష్టిలో పాటంటే అదొక్కటే. మిగతావన్నీ సాగదీతలు.

ఆయనకు అలా అనే హక్కుంది. అబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్ దగ్గర నాన్నకు చిన్న క్యాసెట్ల షాపుండేది. జనం చీటీ మీద పాటలు రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్ అంటే సైడ్‌కు ముప్ఫై. కూడికలు వేసుకుని ఏ పాట ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. ఖవ్వాలీ అడిగితే తలనొప్పే. టేప్ చాలదనిపిస్తే ఠక్కున తుంచకుండా సౌండ్ మెల్లగా తగ్గించి ఆపేవాడు. పాట అంతేననుకుని తీసుకెళ్లేవాళ్లట. నేను బడికెళ్లే రోజుల్లోనే షాపు మూతపడింది. ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు (కవర్ పాటల గురించి రాస్తూ ఈ మాట చెప్పకుండా ఉండలేను).

రికార్డు గట్టిగా జనంలోకి వెళ్తే అదే అసలు పాటైపోతుంది. 'హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్' అనే పాత అమెరికన్ జానపదాన్ని డేవ్ వాన్ రాంక్ ఒక పద్ధతిలో వాయించేవాడు. అదే పద్ధతిలో బాబ్ డిలన్ 1962లో ఆల్బమ్‌కెక్కించేశాడు. 1964లో యానిమల్స్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ పాడింది. ఇక ఎక్కువమందికి ఆ పాట వాళ్లదే.

రెండేళ్లుగా నాన్నకు కుడి చెవి దాదాపు పనిచేయట్లేదు, ఎడమదీ తగ్గుతోంది. ఫోన్‌లో లత పాట పెట్టినా "గరగర" అంటాడు. చెవి మిషన్ పెట్టుకోమంటే కోపం. అందుకే ఒక గురువారం రాత్రి నాంపల్లి యూసుఫైన్ దర్గాకు తీసుకెళ్లాను. స్టేషన్ నుంచి నడిచేంత దూరం. యూసుఫ్ బాబా, షరీఫ్ బాబా సమాధులున్న చోటు. ఖవ్వాలీ పాడేవాళ్లకు దగ్గర్లో కూర్చున్నాం.

ఆ రోజు ఈ పాటే పాడారు. గొంతు నుస్రత్ గొంతేం కాదు. కానీ పచ్చగాజుల చేతిని పట్టుకున్నావన్న చోటికి వచ్చేసరికి ముందు వరసలో ఒక పెద్దావిడ దుపట్టాతో కళ్లు తుడుచుకుంది. పాడే ఆయన అది చూశాడు. అక్కడే ఆగిపోయాడు. అదే లైను మళ్లీ, మళ్లీ, ఇంకోలా మళ్లీ. ఆవిడ తలెత్తేదాకా ముందుకు కదల్లేదు. ఆ పని ఏ రికార్డూ చేయలేదు. టేపుకీ, సినిమాకీ, వీడియోకీ పొడవు ముందే ఖాయమైపోయి ఉంటుంది.

పక్కకి చూస్తే నాన్న అరచేయి నేల మీద ఆనించి కూర్చున్నాడు. డోలక్ దెబ్బ చేతికి తెలుస్తోందట.

బయటికొచ్చి ఛాయ్ తాగుతుంటే అన్నాడు, "ఇది ఏ సైడ్ల పట్టదురా. వచ్చేవారం జర తొందరగ వద్దాం, ముందు కూసుంటే మంచిగ తెలుస్తది."

చెవి మిషన్ సంగతి మాత్రం ఎత్తనివ్వలేదు.