మా పేర్ల పట్టిక ఎవరిది?

ఉర్దూలో జీమ్ గాక జాల్, జే, జాద్, జోయ్ అని మరి నాలుగక్షరములు గలవు. తెలుగులో ఈ ఐదింటికిని మనము వ్రాయునది ఒక్క జకారమే. కావున ఉర్దూ పేరును తెలుగులోనికి మార్చుట సులభమే గాని, తెలుగునుండి మరల ఉర్దూలోనికి మార్చుటకు ఏ సూత్రమును చాలదు. పేర్ల పట్టిక యొక్కటే గతి. సోమందేపల్లెలో పెండ్లి పత్రికలు, అర్జీలు వ్రాయువారికి అక్కరకు వచ్చునని మేమిద్దరు మిత్రులము ఇట్టి పట్టికతో ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసినాము. పేర్లు చెప్పినవారు మా ఊరి చాచాలు, ఖాలాలు.

ప్రోగ్రాము కుదిరిన పిదప ఒక అచ్చుకూటము యజమాని వచ్చి, మరెవరికిని ఇవ్వని యెడల సొమ్మిత్తుననెను. లైసెన్సు విచారణ అక్కడ మొదలైనది.

మౌనముగా ఉండుట కూడ ఒక నిర్ణయమే. 1957 నాటి కాపీరైటు చట్టమును 1984లో సవరించి, కంప్యూటర్ ప్రోగ్రాములను సాహిత్య రచనల కోవలో చేర్చిరి. రిజిస్టరు చేయకపోయినను హక్కు రచయితదే. ఏ అనుమతియు వ్రాయకుండ పంచినచో, పుచ్చుకొన్నవాడు దానిని మార్చి మరియొకరికిచ్చుటకు చట్టరీత్యా వీలులేదు.

ఎం.ఐ.టి. లైసెన్సు మిక్కిలి ఉదారము. మా పేరును, ఆ అనుమతి పాఠమును నిలుపుకొన్న చాలును. తీసికొని తాళము వేసి అమ్ముకొన్నను తప్పులేదు. రిచర్డ్ స్టాల్మన్ 1989లో తెచ్చిన జి.పి.ఎల్. అట్లు గాదు. అమ్ముకొనవచ్చును గాని, కొన్నవానికి మూలమును, దానిని మార్చి పంచు స్వేచ్ఛను కూడ ఇయ్యవలెను. తన దుకాణములోనే వాడుకొనువానికి ఈ నిర్బంధము లేదు. విత్తనపుకాయ అప్పు తెలిసిన మన పల్లెలకు ఇది క్రొత్త సంగతి గాదు. ఇంగ్లీషున ఒక్క 'ఫ్రీ' పదము కలిగించు చిక్కు కూడ మనకు లేదు: ఆజాద్ వేరు, ముఫ్త్ వేరు. దేశికాచార్యులవారి 'పోతన 2000' ఫాంటు జి.పి.ఎల్. క్రిందనే వెలువడినది, అందుచేతనే లినక్సు పంపిణీలలో దానికి చోటు దొరకినది.

ప్రోగ్రామునకు జి.పి.ఎల్. మూడవ కూర్పు (2007) పెట్టినాము. పట్టికకు మాత్రము ఎం.ఐ.టి. పెట్టినాము. మార్కుల జాబితాలో ఒక తీరు, రేషన్ కార్డులో మరొక తీరు పేరు పడి, ఆఫీసుల చుట్టు తిరుగువారిని చూచుచునే యున్నాము. పట్టికను ఏ పెద్ద కంపెనీ తీసికొన్నను సరే, పేర్లు సరిగా అచ్చగుట మాకు ముఖ్యము. యజమాని సొమ్ము వదలుకొన్నాము. ఇంటిలో ఇది అందరికిని నచ్చలేదు. ఎవరైన షరతు మీరినచో కోర్టుకెక్కు స్తోమత మాకున్నదా యని అడిగినవారును గలరు. లేదు.

హిందూపురపు మిత్రుడొకడు ప్రోగ్రాములో కొన్ని దోషములు దిద్ది పంపినాడు. ఆ దిద్దుబాట్లపై హక్కు అతనిదే గనుక, ఇకమీద లైసెన్సు మార్చదలచినచో అతనిని కూడ అడుగవలసియుండును. లైసెన్సు పాఠము ఇంగ్లీషులోనే యున్నది. ప్రక్కన తెలుగులో ఒక పుట వివరణ వ్రాసినాము. ఉర్దూ పుట మిగిలియున్నది. ఉర్దూ విభాగపు మిత్రులెవరైన పూనుకొందురేమో చూడవలెను.