మంచు మైదానంలో నా వాటా

1990లో చదువుకోవడానికి విస్కాన్సిన్ వచ్చినప్పటి నుంచీ ఫుట్‌బాల్ అంటే నాకు గ్రీన్‌బే ప్యాకర్సే. ఉద్యోగం డల్లాస్‌కు మారినా మనసు మారలేదు. అక్కడే పుట్టిన మా అబ్బాయి మాత్రం కౌబాయ్స్ పక్షం!

కిందటి వేసవిలో వాణ్ణి గ్రీన్‌బే తీసుకెళ్లాను. లక్షమంది ఉండే చిన్న ఊరు. జట్టుకు యజమానులు అభిమానులే. 2011లో 250 డాలర్లిచ్చి నేనూ ఒక వాటా కొన్నాను. లాభం రాదు, అమ్ముకోలేం.

"మరెందుకు నాన్నా?"

"తాతయ్య మన ఊరి రామాలయానికి చందా ఇచ్చింది లాభానికా?"

లాంబో ఫీల్డ్‌లో నిలబడి 1967 డిసెంబరు 31 నాటి ఆట గురించి చెప్పాను. సున్నాకు దిగువన 13 డిగ్రీల ఫారన్‌హీట్ చలి. అయినా 50 వేల మంది వచ్చారు. ప్యాకర్స్ 21-17తో కౌబాయ్స్‌ని ఓడించింది.

వాడు కాసేపు మైదానం వైపే చూశాడు. "అంత చలిలో మావాళ్లూ ఆడారుగా!" అన్నాడు.

జట్టు వేరైనా, అభిమానం నా పోలికే.