మేము పుట్టిన రంగం మరల చూచాము

శ్రీకాకుళం, విశాఖపట్నం, తూర్పు గోదావరి పల్లెల్లో పెద్దలను అడిగితే "మా తాత రంగం వెళ్ళాడు" అనే మాట ఇప్పటికీ వినబడుతుంది. రంగం అంటే బర్మా దేశములోని రంగూన్ పట్టణము. 1989లో దేశానికి మియన్మార్ అనీ, పట్టణానికి యాంగోన్ అనీ పేర్లు మార్చారు గాని మా నోటికి రంగమే అలవాటు. మేము అక్కా తమ్ముళ్ళము. ఇద్దరమూ అక్కడే పుట్టాము. 1964లో ఓడ ఎక్కినప్పుడు మాలో పెద్దవారికి 12 ఏళ్ళు, చిన్నవారికి 9 ఏళ్ళు. మరల ఆ నేల మీద కాలు పెట్టింది 2018 జనవరిలో. ఆ ప్రయాణములో మేము చూచినదీ, నేర్చుకొన్నదీ ప్రియమైన చదువరులతో పంచుకోవాలని ఇది వ్రాస్తున్నాము.

మనవారు అక్కడికి ఎందుకు వెళ్ళారో ముందుగా చెప్పాలి. కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. అక్కడ ఓడలెక్కి వచ్చేవారు గనుక బర్మావారు తెలుగువారిని కోరంగీలు అనేవారు. 1839 తుఫానులో ఆ రేవు పాడైపోయినా పేరు మాత్రం నిలిచింది. మనవారు రేవులో మూటలు మోశారు, బియ్యపు మిల్లుల్లో పని చేశారు, రిక్షాలు లాగారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతదేశమువారే. తమ పట్టణములో తామే తక్కువైపోతే ఆ దేశస్థులకు ఎలాగుంటుందో ఆలోచించండి. అప్పులు తీర్చలేక డెల్టాలోని వరి పొలాల్లో సుమారు నాలుగవ వంతు చెట్టియార్ల చేతికి వెళ్ళిపోయింది. 1930 మే నెలలో రేవు పని విషయమై తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య గొడవ లేచి అనేకుల ప్రాణాలు పోయాయి. చనిపోయినవారిలో ఎక్కువమంది మనవారే.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. లక్షలమంది భారతీయులు ఆ దేశము విడిచి బయలుదేరారు. ఓడలో చోటు దొరకనివారు కొండలు, అడవులు దాటి నడిచారు. కలరాతోను మలేరియాతోను ఆకలితోను దారిలోనే ఎందరో రాలిపోయారు. మా తాతగారూ నాన్నగారూ అలా నడిచి వచ్చినవారే. అయినను యుద్ధము ముగిసిన తరువాత, 1946లో, నాన్నగారు తిరిగి వెళ్ళారు. "అంత కష్టపడి వచ్చావు, మళ్ళీ ఎందుకురా?" అని బంధువులు అడిగితే, "అన్నం పెట్టిన ఊరు" అని మాత్రమే అన్నారట.

రంగూన్ నదికి అవతలి ఒడ్డున డాలా ఉన్నది. అక్కడ నదీ స్టీమర్లు కట్టి బాగుచేసే డాక్‌యార్డులో నాన్నగారు ఫిట్టరు. మా ఇంటి ప్రక్కన ఒక బర్మా కుటుంబము ఉండేది. ఆ ఇంటావిడను మేము డోడో అని పిలిచేవాళ్ళము. అంటే అక్కడి మాటలో అత్త, పిన్ని అన్నట్టు. ఆమె బౌద్ధురాలు. ఉదయమే చేపల పులుసులో వేసిన మొహింగా సేమ్యా మాకు గిన్నెతో పంపేది, తన పిల్లలతోపాటు మా బుగ్గలకూ తనఖా చెక్క అరగదీసి పూసేది. మా చెల్లెలు 1961లో పది నెలల పసికందుగా జ్వరముతో చనిపోయినప్పుడు మా అమ్మ దగ్గర కూర్చుండి వారము రోజులు ఆమెకు అన్నము తినిపించినది డోడోనే. చెల్లెలిని ఊరి బయటి శ్మశానములో పెట్టాము. నాన్నగారు ఒక చిన్న రాతి మీద ఆమె పేరు, తేదీలు తెలుగులో చెక్కించారు.

1962 మార్చిలో సైన్యము పరిపాలన చేతికి తీసుకొన్నది. తరువాత దుకాణాలు, వ్యాపారాలు ప్రభుత్వపరమయ్యాయి. 1964 మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. దాచుకొన్న కూలి డబ్బు కాగితమైపోయింది. ఆ సంవత్సరాల్లో సుమారు 3 లక్షలమంది భారతీయులు బర్మా విడిచి వచ్చారని అంచనా. రేవులో సోదా చేసి అమ్మ చెవి కమ్మలు కూడా తీసివేశారు. అయితే అదే దేశపు మనిషి డోడో, నది దాటి రేవు దాకా వచ్చి, అన్నం పొట్లాలు మా చేతికిచ్చింది. అమ్మ ఆమెను పట్టుకొని, "నా బిడ్డను చూస్తూ ఉండు" అని ఏడ్చింది. డోడో తల ఊపింది.

విశాఖపట్నం కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో మేము పెరిగాము. ఉత్తరాలు కొంతకాలము వచ్చి ఆగిపోయాయి. 1999లో చనిపోయేంతవరకు అమ్మ అడిగేది, "ఆ రాయి ఉన్నదో లేదో" అని. ఆ ప్రశ్నే మమ్మును 2018లో బయలుదేరదీసింది.

ఒక ఆదివారము యాంగోన్‌లో తెలుగు ఆరాధనకు వెళ్ళాము. పెద్దలు తెలుగు పాటలు కంఠతా పాడారు. పిల్లలు అవే పాటలు బర్మా అక్షరాలలో వ్రాసుకొని పాడారు. పలుకు తెలుగే గాని చదువు రాదు. అక్కడి యువకుడు ఒకరు మాకు తోడుగా డాలాకు బయలుదేరారు. రేవులో విదేశీయుల టికెట్టు వేరు. పాసుపోర్టు చూపించి, ఆ యువకునికంటే ఎన్నో రెట్లు ఎక్కువ చెల్లించాము. చిన్నతనములో రోజూ దాటిన నది మీద మేము విదేశీయులము! మాకు కొంచెము నొప్పి కలిగింది. అయితే మాట నిజమే. ఆ దేశాన్ని ప్రేమించాము గాని అది మా సొత్తు కాదు.

శ్మశానము ఉన్న చోట ఇళ్ళు లేచాయి. రాయి సంగతి అంతే అనుకొన్నాము. అడుగుతూ అడుగుతూ పాత వీధికి వెళ్తే డోడో కుమార్తె కనబడింది. చిన్ననాడు మాతో ఆడుకొన్నది, ఇప్పుడు మావలెనే తల నెరిసింది. మా నాన్నగారి పేరు చెప్పగానే చెయ్యి పట్టుకొని పెరట్లోకి తీసుకొని వెళ్ళింది. మల్లెపొద క్రింద చెల్లెలి రాయి ఉన్నది! శ్మశానము తీసివేస్తున్నప్పుడు డోడో దాన్ని ఇంటికి మోయించిందట. 2008 మేలో నర్గీస్ తుఫాను వచ్చి లక్షకు పైగా ప్రాణాలు తీసినప్పుడు వారి ఇంటి కప్పు ఎగిరిపోయింది, రాయి మాత్రము కదలలేదు. "అమ్మ మాట ఇచ్చింది. అమ్మ పోయాక నేను చూస్తున్నాను" అన్నది, ఇంకేమీ చెప్పలేదు.

తరువాత ఆమె ఒక్కటే అడిగింది: "ఇందులో ఏమి వ్రాసి ఉన్నది?" ఇన్నేళ్ళూ చదవడం రాని అక్షరాలను ఆ ఇంట కడుగుతూ వచ్చారు. మేము పేరు చదివి వినిపించాము. ఆమె దాన్ని మూడుసార్లు పలికి నేర్చుకొన్నది.

రాయిని తెచ్చుకోవాలని మాకు మొదట అనిపించింది. తీసుకొని వెళ్ళమని ఆమె కూడా చెప్పింది. ఆ రాత్రి ఇద్దరమూ చాలాసేపు మాట్లాడుకొన్నాము. అమ్మ లేదు, చూపించడానికి. మా చెల్లెలు ఆ నేలలో పుట్టి ఆ నేలలోనే కలిసింది. ఆమెను చూచుకొన్నవారు అక్కడివారే. కనుక రాయిని అక్కడే ఉంచి వచ్చాము.

2021 ఫిబ్రవరి 1న సైన్యము మరల అధికారము చేపట్టింది. అప్పటినుండి ఆ దేశములో యుద్ధము, వలస. 2025 మార్చి 28న మాండలే, సగాయింగ్ ప్రాంతాల్లో వచ్చిన భూకంపములో 3 వేలకు పైగా చనిపోయారు. అప్పుడప్పుడు ఫోను కలిసినప్పుడు డోడో కుమార్తె మొదట అడిగేది "తమిన్ సా పీబీలా?" అని. అన్నం తిన్నారా అని అర్థము. అక్కడ ఇంటికి వచ్చినవారిని పలకరించే మాట అదే, మన పల్లెల్లోవలె.

చదువరులారా, మీ ఊరిలో రంగం నుండి వచ్చిన పెద్దలెవరైనా మిగిలి ఉంటే వారి దగ్గర కూర్చుండి అడిగి వ్రాసి ఉంచండి. ఆ తరము వెళ్ళిపోతున్నది. మన పిల్లలు గల్ఫ్‌కో మరో దేశానికో వెళ్ళితే అక్కడి ప్రక్కింటివారి పేరు అడిగి తెలుసుకోండి. మీ ఊరి ఇటుక బట్టీలకు ఒడిశా నుండి వచ్చినవారి పేర్లు మీకు తెలుసా? వారిలో ఒక తల్లి ఇక్కడ బిడ్డను పోగొట్టుకొంటే ఆమెకు ఎవరు అన్నము తినిపిస్తారు? డోడో మాకు చేసినది పెద్ద ధనముతో చేసినది కాదు. ప్రక్కింటి మనిషిగా చేసింది. మేమూ మా వీధిలో ఆ పని మొదలుపెట్టాము.