రెక్కల మీది వేషం

బోనకల్ ఊళ్లోని పెరళ్లలో కరివేపచెట్టో నిమ్మచెట్టో ఉంటే కామన్ మార్మన్ సీతాకోకచిలుకకు అది పుట్టిల్లే. దాని గొంగళిపురుగు ఆ ఆకులే తిని పెరుగుతుంది. మగవాటి నల్లరెక్కల మీద తెల్లమచ్చల వరస ఉంటుంది. ఆడవాటిలో కొన్ని అచ్చం మగవాటిలాగే ఉంటాయి. కొన్ని కామన్ రోజ్‌ను, ఇంకొన్ని క్రిమ్సన్ రోజ్‌ను పోలి ఎర్రమచ్చలు తొడుక్కుంటాయి. ఆ రోజ్ జాతులు ఈశ్వరి వంటి తీగలు మేసి, ఆకులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ వాటి జోలికి పోదు. విషం లేని మార్మన్ ఆడది ఆ రంగుల చాటున బతుకుతుంది.

ఈ వేషం మొత్తం జన్యుపటంలో ఒకే చోటు నుంచి సంక్రమిస్తుందని క్లార్క్, షెపర్డ్ అనే పరిశోధకులు 1972లో చూపారు. అక్కడ విడదీయరాని జన్యువుల గుంపు ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. కృష్ణమేఘ్ కుంటే, ఆయన సహచరులు 2014లో తేల్చింది వేరు: అది డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువు. పండ్ల ఈగల్లో ఆడ, మగ తేడాలను తీర్చేదీ అదే. 2015లో జపాన్ పరిశోధకులు ప్యూపాలో దాని పనిని అడ్డగిస్తే, ఎర్రమచ్చలు రావలసిన రెక్క మగరెక్క వాలకానికి తిరిగింది.

ఒక్క జన్యువు ఇంత బొమ్మ ఎలా గీస్తుందని అడగవచ్చు. అది బొమ్మ గీయదు. రెక్క మీది ఒక్కో పొలుసూ ఒక్కో కణం తయారుచేసినది. ఏ కణానికి ఏ రంగో ప్యూపా దశలో ఎన్నో జన్యువులు కలిసి తేలుస్తాయి. డబుల్‌సెక్స్ వాటికి ఆడదానిలో ఒక దారి, మగదానిలో ఇంకో దారి చూపుతుంది. అందుకే వేషపు జన్యువు మోస్తున్న మగది కూడా మామూలు రెక్కలతోనే తిరుగుతుంది.

వేషం అంత మేలైతే ఆడవన్నీ ఎందుకు వేసుకోవు? అసలు మనిషిని ఎరిగిన ఊళ్లోనే పగటివేషం పండుతుంది. విషపు రోజ్‌ల కంటే వేషధారులు ఎక్కువైతే, ఎర్రమచ్చలున్నది తినదగినదేనని పిట్టలు నేర్చుకుంటాయి. జపాన్‌లోని మియాకో దీవికి కామన్ రోజ్ వచ్చి స్థిరపడ్డాకే అక్కడి మార్మన్‌లలో వేషధారుల వాటా పెరిగింది. కాబట్టి జన్యువు రెక్కకు రంగు ఇవ్వగలదు గానీ, ఆ రంగుకు భయం పుట్టించే బలం ఇవ్వలేదు. ఆ బలం ఈశ్వరి తీగది. చేనుగట్ల మీద దాన్ని కలుపుమందు కొట్టి మాడ్చేస్తే, పెరటి కరివేపచెట్టును ఎంత కాపాడినా మార్మన్‌కు సగం రక్షణే మిగులుతుంది. సీతాకోకచిలుకను కాపాడాలనుకునేవాళ్లు గట్టు మీది తీగనూ లెక్కలో వేసుకోవాలి.